కుశస్థలీ, నీ కడలికి ఆవల

కుశస్థలీ! నగరి కొండల నీళ్లు మోసుకొచ్చి, మా వెంగల్ సీమ చేలకు పచ్చకోక కట్టి, ఎన్నూరు దగ్గర కడలిలో కరిగిపోతావే, ఆ కడలికి ఆవలి గట్టున మన బిడ్డలు ఒలికించిన నెత్తురు ఎన్నడైనా నిన్ను తాకిందా తల్లీ?

1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందంపై సంతకాలు చేశారు. శాంతి పరిరక్షక దళమనే చల్లని పేరుతో మన సేన జాఫ్నా చేరింది. తొలినాళ్లలో మెడనిండా పూదండలు. అక్టోబరు వచ్చేసరికి, తమిళ పులులను (ఎల్టీటీఈ) ఆయుధాలు దించమన్నవాడే వాళ్ల మీద ఆయుధం ఎత్తాడు. 21న జాఫ్నా ఆసుపత్రిలో మనవాళ్ల తూటాలకు రోగులు, వైద్యులు, నర్సులు ఒరిగిపోయారు. అయ్యో, ఆ తెల్లకోట్ల మీది ఎరుపును ఏ ఏరు కడుగుతుంది! సుమారు 1,200 మంది మన జవాన్లు ఇల్లు చేరలేదు. 1990 మార్చిలో చివరి దళం ట్రింకోమలీ విడిచింది. మరుసటేడు మే 21 రాత్రి మా శ్రీపెరుంబుదూరు మట్టి రాజీవ్ రక్తంతో తడిసింది.

సైన్యం వల్ల మేలే జరగదనను. 1971లో తూర్పు బెంగాల్ గోడు విని కదిలిన సేనే ఒక జాతికి ఊపిరి పోసింది. అక్కడ జనం పిలిచారు, జనమే ముందుండి పోరాడారు. గెలిచిన మూడు నెలల్లోపే మనవాళ్లు వెనుదిరిగారు. లంకలోనో, పులులు సంతకం పెట్టని ఒప్పందానికి మన జవాను ప్రాణాన్ని పూచీ పెట్టాం.

తుపాకి లేకుండా తగవు తీరడం మేమూ చూశాం. మా తిరుత్తణి ఏ రాష్ట్రానిదన్న పోరులో తెలుగువారూ తమిళులూ తక్కువ రగిలారా? జైళ్లు నిండాయి, గుండెలు మండాయి. అయినా ఆ ఎల్ల తగవుపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు, దాని వెంట పార్లమెంటు చట్టం, 1960 ఏప్రిల్ 1న కొత్త ఎల్ల గీశాయి. తిరుత్తణి చేజారిన దిగులు మా పెద్దల్ని వదల్లేదు. కానీ ఆ ఎల్ల మీద మందుపాతరలు మొలవలేదు. ఆడికృత్తికకు అటువారూ ఇటువారూ కావడులెత్తుకుని ఒకే కొండ ఎక్కుతారు.

అటు లంకలో, 2009 మేలో ముళ్ళివాయ్‌క్కాల్ ఇసుకలో పులుల ఈళంపోరు ముగిసింది. తుపాకి ఆగింది నిజమే, తగవు తీరిందా? మా గుమ్మిడిపూండి శరణార్థి శిబిరంలో పుట్టిన బిడ్డలు తల్లులయ్యారు, తండ్రులయ్యారు. ఆనాటి ఒప్పందం పుణ్యాన లంక రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది. అది రాసిచ్చిన భూమి, పోలీసు అధికారాలు ఉత్తరానికి నేటికీ పూర్తిగా దక్కలేదు. అన్ని ప్రాణాలు పూచీ పెట్టిన ఢిల్లీ, ఆ బాకీ తీర్చమని కొలంబోను ఎందుకు గట్టిగా నిలదీయదు?