పాత పేరు, కొత్త ఆట

ఇష్టమైన గేమ్ సిరీస్‌లో తర్వాతి భాగం వస్తోందంటే నాకు రెండు కోరికలు పుడతాయి. అదే ఆట మళ్లీ కావాలి, అదే ఆట మళ్లీ రాకూడదు. ఈ రెండూ తీర్చిన సిరీస్ ఏదంటే నాకు మొదట గుర్తొచ్చేది జపాన్ కంపెనీ కాప్‌కామ్ వారి 'రెసిడెంట్ ఈవిల్'. రెండూ తీర్చలేకపోయిన రోజులు కూడా దానికున్నాయి.

1996 నాటి మొదటి ఆటలో కెమెరా గదిలో ఓ మూలన కదలకుండా ఉండేది. మలుపు అవతల ఏముందో కనపడదు, అడుగుల చప్పుడు మాత్రం వినపడుతుంది. తూటాలు తక్కువ. ఆట సేవ్ చేసుకోవాలన్నా టైప్‌రైటర్‌కు ఇంకు రిబ్బన్ కావాలి, అవీ లెక్కగానే దొరికేవి. ఈ లేమిలోంచే భయం పుట్టింది. కానీ భయం కూడా అలవాటైపోతుంది. మూడు భాగాలు ఆడినవాళ్లకు ఏ తలుపు వెనక ఏది కాచుకుని ఉంటుందో ముందే తట్టేది.

నాలుగో భాగం కోసం కాప్‌కామ్ చాలా దారులు తొక్కింది. హిడెకి కామియా బృందం తయారుచేసిన ఒక నమూనాలో హీరో ఎంత చురుకైనవాడంటే, శత్రువులే అతన్ని చూసి జడుసుకోవాలి. ఆలోచన మంచిదే, ఈ సిరీస్‌కు మాత్రం పొసగదు. దాన్ని పారేయలేదు, పాత పేరు కింద ఇరికించనూ లేదు. 2001లో 'డెవిల్ మే క్రై' అని వేరే పేరుతో విడుదల చేశారు. అదీ సొంతంగా ఒక సిరీస్‌గా ఎదిగింది. కంపెనీలు ఈ ధైర్యం ఇంకా తరచుగా చేయాలి. కొత్త పేరును అమ్మడం కష్టం, పాత పేరుకైతే కొనేవాళ్లు ముందే ఉంటారు. ఆ భరోసా కోసమే ఎన్నో మంచి ఆలోచనలు తమవి కాని పేర్లు మోస్తున్నాయి.

2005లో షింజి మికామి దర్శకత్వంలో వచ్చిన నాలుగో భాగం కెమెరాను హీరో లియాన్ భుజం వెనక్కి తెచ్చింది. పాత భాగాల్లోని జోంబీలు పోయాయి, రిబ్బన్లు పోయాయి. అయితే తుపాకీ ఎత్తాక లియాన్ అడుగు కదపలేడు. మోటారు రంపం పట్టుకుని ఒకడు మీదికొస్తున్నా నిలబడే కాల్చాలి. 1996 నాటి నిస్సహాయత అంతా ఆ నిలబడటంలో ఉంది. 2012 నాటి ఆరో భాగంలో కదులుతూ, దొర్లుతూ కాల్చవచ్చు, పేలుళ్లు బోలెడు. తెలిసిన పాత్రలు ఎందరున్నా నాకు ఒక్కసారీ గుండె ఝల్లుమనలేదు. 2017లో ఏడో భాగం కొత్త హీరోతో, లూసియానాలోని ఒక పాడుబడ్డ ఇంట్లోకి, అతని కళ్లతోనే చూసే ఫస్ట్ పర్సన్‌లో తీసుకెళ్లింది. బయటికి అదెంత మారిపోయినా, ఇల్లంతా మళ్లీ భయం నిండింది.

2019లో రెండో భాగాన్ని కొత్తగా తీసినప్పుడు కథ 1998 నాటిదే, అది జరిగే పోలీస్ స్టేషనూ అదే. పొడవాటి కోటు తొడిగిన మిస్టర్ ఎక్స్ అనే శత్రువు అప్పట్లో నిర్ణయించిన చోట్లే ఎదురయ్యేవాడు. ఇప్పుడు స్టేషనంతా తిరుగుతూ మనల్ని వెతుకుతాడు. పాత ఆటను కంఠతా ఎరిగినవాళ్లకు కూడా ఆ జ్ఞానం అక్కడ అక్కరకు రాదు.