లేని రాజ్యానికి లెక్కలు

కథ కోసం ఒక రాజ్యాన్ని కల్పించేవాళ్ళు ముందుగా రాజుల జాబితా రాసుకుంటారు. ఎవరు ఎప్పుడు గద్దెనెక్కారు, ఏ యుద్ధంలో పోయారు అని. నాకు ఆ జాబితా మీద గురి లేదు. నా నోటుపుస్తకంలో మూడు గళ్ళుంటాయి: సంవత్సరం, జరిగిన సంగతి, అప్పటికి ఎవరి వయసెంత. కథ పుట్టేది మూడో గడిలోనే. కరువు ఏట ఆరేళ్ళ పిల్ల, నలభై ఏళ్ళ తర్వాత కోడలికి బియ్యం ఎలా కొలిచి ఇస్తుందో ఆ గడి చూస్తే తెలిసిపోతుంది.

ఈ విద్యలో టోల్కీన్‌ను మించినవాడు నాకు కనబడలేదు. 1955లో వచ్చిన ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ అనుబంధాల్లో ఏటేటి పట్టిక ఒకటి ఉంది. సినిమా చూసినవాళ్ళకు తెలిసిన ఆ ఉంగరం మూడో యుగం 2వ ఏట నదిలో పడింది. మళ్ళీ దొరికింది 2463 ప్రాంతంలో. ఈలోగా రాజ్యాలు చీలాయి, మహమ్మారి వచ్చిపోయింది, ఉంగరం మాత్రం నీటి అడుగునే ఉంది. జనం దాని సంగతి మరిచిపోవడానికి అంత కాలం కావాలి. ఐదేళ్ళకే దొరికి ఉంటే కథే లేదు. అందుకే పట్టికలో ఖాళీలు కనబడితే నేను కంగారుపడను.

లెక్క ఎవరిది అన్నది ఇంకో పేచీ. టోల్కీన్ కల్పించిన హాబిట్లనే జాతివాళ్ళు తమ నేలలో కాలుపెట్టిన నాటినుంచి ఏళ్ళు లెక్కపెట్టుకుంటారు. లోకానికి 3019 అయితే వాళ్ళకు 1419. మనకిది వింతేమీ కాదు. మన శాసనాల్లో శకవర్షం, రాజుగారి ఏలుబడిలో ఎన్నో ఏడు, ప్రభవాది పేరు, అన్నీ కనిపిస్తాయి. 2025లో వచ్చిన విశ్వావసు అంతకుముందు 1965లో వచ్చింది. ‘విశ్వావసులో మా తాత తవ్వించిన చెరువిది’ అని ఒక పాత్ర అంటే, ఏ విశ్వావసు? ఆ అరవై ఏళ్ళ సందులో రెండు కుటుంబాలు కోర్టుకెక్కవచ్చు. కథకుడికి ఇంత చవగ్గా తగాదా ఎక్కడ దొరుకుతుంది?

ఫాక్నర్ కూడా 1936లో ‘అబ్సలోం, అబ్సలోం!’ చివర కాలక్రమం, వంశావళి, తన కల్పిత కౌంటీ పటం చేర్చాడు. అందులోని కొన్ని తేదీలు నవలతో పొసగవు. విమర్శకులకు అదొక పని. ఒకే కుటుంబం కథను తలో రకంగా చెప్పే నవల అది, పట్టికను ఇంకో సాక్షి అనుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. అయితే ఈ వెసులుబాటు అందరికీ చెల్లదు. పాత్ర అబద్ధమాడుతోందా, రచయిత మరిచిపోయాడా అన్నది పాఠకుడికి తెలియాలి. తల్లి కన్నా కొడుకు మూడేళ్ళు పెద్దవాడైతే ఏ సాక్షీ ఆదుకోడు.

మీరూ ఒక లోకం కట్టాలనుకుంటే రాజుల్ని తర్వాత చూసుకోండి. ముందు కరువులు, వరదలు, పెద్ద పెళ్ళిళ్ళు రాయండి. పట్టిక మొత్తం మాత్రం నవలలో దింపకండి.