మొల్ల తండ్రి పేరు

కృష్ణపట్నమున మా యింటి వసారాలో సాయంకాలములందు నలుగు రాఁడువారు గూడి కావ్యపఠనము చేయుట కొంతకాలముగా జరుగుచున్నది. కండలేటి మీఁదినుండి గాలి వచ్చుచుండును. 2008వ సంవత్సరమునఁ దెఱవఁబడిన రేవులోని యోడల కూఁతలు నడుమనడుమఁ బద్యమున కడ్డుపడుచుండును. మొన్న మొల్ల రామాయణ మారంభించితిమి. అవతారికలోఁ గవయిత్రి తన తండ్రిని బేర్కొను చోటికి వచ్చునప్పటికి, వినుచున్న యువతి యొకతె "తండ్రి తన్నుఁ జదివించినట్లు చెప్పలేదే! ఈమెకుఁ గృతజ్ఞత యెందులకు?" అని యడిగినది. ఈ యువతి తండ్రి ఉప్పుమళ్లలోఁ బనిచేసి యామెను బి.ఏ. వఱకుఁ జదివించినవాఁడు. ఇప్పు డాయన కుదిర్చిన సంబంధ మామె కిష్టము లేదు. చదివించిన ఋణమును తీర్చుమని యింట నందఱును వేధించుచున్నారు. కావున నా ప్రశ్నను మాటవరుసకు వచ్చినదానినిగాఁ గొట్టివేయ వీలులేకపోయినది.

మొల్ల చెప్పినది మిక్కిలి కొంచెము. ఆతుకూరి కేసనసెట్టి గురులింగజంగముల నర్చించువాఁడు, శివభక్తుఁడు, బంధువులకు హితుఁడు. తా నాతని కూఁతురు. అంతియే. ఆయన పండితుఁ డనలేదు, ధనవంతుఁ డనలేదు, తనకు గురువై చదువు చెప్పెనని వివరింపలేదు. తనకు శాస్త్రములు, నిఘంటువులు, లక్షణములు తెలియవనియు, గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని వరముచేతనే కవిత్వము చెప్ప నేర్చితిననియుఁ జెప్పినది. (ఆ గోపవరము కడప మండలముననున్న బద్వేలు దాపుదని కొందఱును, మా నెల్లూరి మండలములోనిదని కొందఱును వాదింతురు. ఈ తగవులో నేను నిష్పక్షపాతిని గానని ముందే యొప్పుకొనుచున్నాను.) ఈ వినయమును యథార్థముగాఁ గొని యామె చదువురానిదని చెప్పినవారు గలరు. ఆఱు కాండముల కావ్యమును ఛందస్సు తప్పక, అలంకారము చెడక నడపినయామె చదువురాని దెట్లగును? వినయము కవుల యాచారము. మగకవి "నే నెంతవాఁడను" అన్నచో నది వినయ మనుకొందుము. ఆఁడుది యన్నచో నిజమని నమ్ముదుము.

కాని యిక్కడ గమనింపవలసినది వేఱొకటి గలదు. కవిత నిచ్చినవాఁడుగా నామె పేర్కొన్న దేవుఁడు శివుఁడు. తండ్రి కొలిచినదియు శివునినే. తండ్రి చేసిన మేలిది యని లెక్క చెప్పకయే, ఆ యింటి భక్తిలోనే తన కవితకు వేరున్నదని యామె తెలిపినది.

ఇది సంప్రదాయమే కదా యని పండితు లాక్షేపింపవచ్చును. కవులు గ్రంథాదిని, ఆశ్వాసాంతగద్యమునఁ దండ్రి పేరు చెప్పుట వాడుకయే. నిజము. అయితే యది కొడుకుల వాడుక. వంశము నిలుపు కొడుకు తండ్రి పేరు చెప్పును. పెండ్లియై పరగృహమునకుఁ బోవు కూఁతురు చెప్పవలెనని లోక మెదురుచూడదు. మొల్ల తన గద్యములోఁ గేసనసెట్టి తనయనని చెప్పి, కొడుకుల పీఁటమీఁదఁ దానుగూడఁ గూర్చున్నది. ఆ గద్యమున మగని పేరు లేదు. తల్లి పేరును అవతారికలోఁ గానరాదు. అది నాకు వెలితిగనే తోఁచును.

మా నెల్లూరి తిక్కనసోమయాజితోఁ బోల్చినచో నీ సంగతి స్పష్టపడును. 13వ శతాబ్దివాఁడైన తిక్కన భారతమును జేపట్టినపుడు, తండ్రి కొమ్మన స్వప్నమున వచ్చి హరిహరనాథుని యాజ్ఞను తెలిపెనని వ్రాసికొనెను. కుమారుఁ డట్లే యా దేవునికిఁ గృతి నిచ్చెను. తండ్రి మాటయుఁ గొడుకు పనియు నొక్కటే యయ్యెను. మొల్ల కేసనసెట్టిచేత నే యాజ్ఞయు నిప్పింపలేదు. ఆయన శివభక్తుఁడు, ఆమె యెన్నుకొన్నది రామకథ. కృతి నిచ్చినది శివునికిఁ గాదు, రాజునకుఁ గాదు, శ్రీరామునికి. తనచేత రాముఁడే పలికించుచున్నాఁ డన్నది. వీరశైవాచారముగల యింటఁ బుట్టిన కూఁతురు తండ్రి దేవునికి నమస్కరించి, తండ్రి పేరు తలఁచి, తన దారిని దాను బోయినది. రెంటికిని వైరుధ్య మున్నట్లామె కొంచెమైనను బొరపడలేదు, క్షమాపణయుఁ గోరలేదు.

పితృభక్తికి మొల్లను దృష్టాంతముగాఁ జూపువా రామె తండ్రి పేరు చెప్పిన పద్యమును మాత్రమే చదివి, కృతి యెవరికిచ్చినదో చూడకుందురు. ఆమె స్వాతంత్ర్యమును మెచ్చువారు రెండవదానిని మాత్రమే చూతురు. రాయలకొలువునకుఁ బోయెననియుఁ, దెనాలి రామకృష్ణునితో మాటకు మాట చెప్పెననియుఁ జెప్పు కట్టుకథల కామె గ్రంథమున నాధారమే లేదు. కాలమును గూర్చియే పండితులలో నేకాభిప్రాయము లేదు. ఆ కథలు పోయినను నష్టము లేదు. అవతారిక పోయినచో నష్టము గలదు.

ఇది యంతయుఁ జెప్పఁగా యువతి చాలసేపు మాటాడలేదు. పిమ్మట గద్యమును మఱల నొకసారి చదివించుకొన్నది. వెళ్లునపుడు పుస్తక మెరువడిగి, "మా నాయనకు రాత్రి చదివి వినిపించెదను, తరువాత నా మాట చెప్పెదను" అని చంకఁబెట్టుకొని పోయినది.