మాట చేసిన మాయ

కొన్ని మాటల పుట్టుపూర్వోత్తరాలు కథలకన్నా రంజుగా ఉంటాయి. స్పానిష్ భాషలో ‘ఎచీసో’ అని ఒక మాట ఉంది. మంత్రం, చేతబడి, వశీకరణం అన్నిటికీ అదే. అందగత్తె చూపుల్లోని ఆకర్షణకీ అదే! దీనికి మూలం లాటిన్‌లోని ‘ఫక్తీకియుస్’. అంటే సహజంగా పుట్టనిది, ఒకరు చేసినది. మాట మొదట ఉండే ‘ఫ’ను స్పానిష్‌వాళ్లు చాలాచోట్ల మింగేశారు. కొడుకు అనే ‘ఫీలియుస్’ ‘ఇహొ’ అయినట్టే ఇదీ ‘ఎచీసో’ అయింది. పొరుగున ఉన్న పోర్చుగీసువాళ్లు మాత్రం ‘ఫ’ను వదలకుండా ‘ఫెయితీసు’ అన్నారు. ఇంగ్లీషు ‘ఫెటిష్’ దాని సంతానమే.

అంతదూరం ఎందుకు, మన ‘చేతబడి’లో ఉన్నదీ చేతే కదా! అంబరీషుడిమీదికి దూర్వాసుడు ఉసిగొల్పిన ‘కృత్య’ కూడా చేయడంలోంచి వచ్చిన మాటే. ఎక్కడెక్కడివాళ్లో ఒకేలా ఆలోచించారే అని నాకు ముచ్చటేసింది.

కాని ఒకరు చేసినది అన్నాక, ఎవరు చేశారన్న ప్రశ్న ఊరుకోదు. వేలు ఎక్కువగా ఆడదానివైపే తిరుగుతుంది. 1610లో స్పెయిన్‌లోని లొగ్రోన్యోలో మంత్రవిద్య నేరం మోపి ఆరుగురిని సజీవంగా కాల్చారు. అప్పటికే చనిపోయిన మరో అయిదుగురి బొమ్మల్ని తగలబెట్టారు. తీర్పు చెప్పినవాళ్లలో ఒకడైన సలసార్ ఫ్రియాస్‌కి మనసొప్పలేదు. మరుసటి ఏడు ఊరూరా తిరిగి వందలమందిని విచారించాడు. జనం ఆ సంగతి మాట్లాడడం, రాయడం మొదలుపెట్టేదాకా అక్కడ మంత్రగత్తెలే లేరని తేల్చాడు. దాంతో 1614లో ఇలాంటి విచారణలకు గట్టి కట్టుబాట్లు వచ్చాయి.

అంటే మంత్రగత్తెను చేసింది మాటే!

ఇప్పుడు మన నవలలు చూడండి. అత్తగారు “మావాడికి ఏం మందు పెట్టిందో!” అంటుంది. నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. నాయకుడేమో “నీ కళ్లలో ఏదో మంత్రం ఉంది” అంటాడు. మురిసిపోతాం. రెండుచోట్లా మగవాడు ఏమీ చేయలేదు, అంతా ఆవిడ చేసిందే! అతని ఇష్టానికి అతని పూచీ లేదన్నమాట. తిట్టులోనూ పొగడ్తలోనూ ఉన్న అబద్ధం ఇదే.

నవలలో మాటకేముందిలే అంటారా? చేతబడి, బాణామతి నెపంతో మన పల్లెల్లో మనుషుల్ని చంపిన వార్తలు పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి. అత్తగారి నోట ఆ మాట రాయొద్దని నేననను. లోకంలో ఉన్నదే కదా. పక్కనున్న ఒక్క పాత్రచేతనైనా “నువ్వు చూశావా, వదినా?” అని అడిగించాలి. ఆ మాత్రం చేత మన చేతుల్లోనే ఉంది.