తలుపు అంటే తలుపే

"గుడి" అని నేనంటే మీకేం కనిపిస్తుంది? చాలామందికి ఏదో ఒక గోపురం, ఏ ఊరిదో తెలియకుండా మసకమసగ్గా కనిపించి మాయమైపోతుంది. మాట అర్థమైపోయింది కనక బొమ్మతో పని తీరిపోయింది. అమెరికాలో ఒకావిడకి అలా తీరదు. చర్చి శిఖరం అనండి, తను జన్మలో చూసిన శిఖరాలన్నీ ఫలానా ఊళ్ళోది, ఫలానా వీధిలోది అంటూ ఒకదాని వెనక ఒకటి సినిమా రీలులా వచ్చేస్తాయిట. ఉత్త "శిఖరం" అనేది ఆవిడ బుర్రలో లేనే లేదు. ఆవిడ పేరు టెంపుల్ గ్రాండిన్. (పేరుకి అర్థమూ గుడే, అది వేరే సంగతి.)

1947లో బోస్టన్‌లో పుట్టింది. మూడున్నరేళ్ళదాకా మాట రాలేదు. ఎత్తుకుంటే బిగుసుకుపోయేది. తలుచుకుంటే కేకలు, లేకపోతే గంటల తరబడి ఇసక వేళ్ళ మధ్యనుంచి జార్చుకుంటూ కూర్చోవడం. ఆ పిల్లే పెద్దయి పశుశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసరయింది. ఉత్తర అమెరికా మాంసపు కర్మాగారాల్లో దాదాపు సగం పశువులు ఆవిడ గీసిన నమూనాల మీదే నడుస్తాయంటారు. పైగా రచయిత్రి. ఆటిజం ఎలా ఉంటుందో బయటనుంచి డాక్టర్లు చెప్పడమే గాని లోపలనుంచి ఎవరూ చెప్పని రోజుల్లో చెప్పింది.

1986లో వచ్చిన "ఎమర్జెన్స్", 1995లో వచ్చిన "థింకింగ్ ఇన్ పిక్చర్స్", ఈ రెండూ వరసగా చదివాను. మొదటిది మార్గరెట్ స్కరియానో అనే ఆవిడతో కలిసి రాసింది. కథలాగా సాఫీగా సాగుతుంది. కష్టాలు, మంచి మాస్టారు, గట్టెక్కడం, అన్నీ ఉన్నాయి. ముందుమాట రాసిన బెర్నార్డ్ రిమ్లాండ్ ఈవిడకి ఆటిజం నయమైపోయిందన్నట్టే పరిచయం చేశాడు. రెండోది అలా కాదు. మందుల మోతాదు చెబుతూ చెబుతూ ఆవుల దగ్గరికి, ఆవుల దగ్గరనుంచి దేవుడి దగ్గరికి దూకుతుంది. చెప్పిందే మళ్ళీ చెబుతుంది. మన పత్రికా సంపాదకులెవరైనా అయితే మూడోవంతు కొట్టేసేవాళ్ళు. అయినా నాకు రెండోదే నచ్చింది. నయమయ్యానని అందులో ఎక్కడా అనదు. తన మనసు పనిచేసే తీరిదీ అని చెప్పి ఊరుకుంటుంది.

అందులో తలుపు సంగతి చూడండి. హైస్కూల్లో ఉండగా ప్రార్థనలో పాదిరీగారు క్రీస్తే తలుపు, తెరుచుకుని వెళ్ళండని ప్రసంగించాడు. మనమైతే బుద్ధిగా తలూపి ఇంటికెళ్ళి అన్నం తినేవాళ్ళం. ఈ అమ్మాయి తలుపు కోసం వెతకడం మొదలెట్టింది. బీరువా తలుపూ, స్నానాలగది తలుపూ అన్నీ చూసి, చివరికి హాస్టలు మీద కొత్తగా కడుతున్న చిన్న గదిలో, కప్పు మీదకి తెరుచుకునే బుల్లి తలుపొకటి కనిపెట్టింది. స్కూలు వదిలి వెళ్ళడం అనే పెద్ద మార్పు ఆమెకి మాటల్లో అందదు. అందుకని ఆ తలుపులోంచి దూరి వెళ్ళడం అభ్యాసం చేసింది! చదువుతుంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, కన్నవారిల్లు వదిలిపోయే కూతురి చేత మనం గడప మీద చేయించే తంతులన్నీ ఏమిటి మరి? మార్పు అనేదాన్ని కాలితో దాటడానికి ఓ వస్తువు కావాలి గదా.

మా నవలలు రాసేవాళ్ళకి గుండె ద్రవించందే, కళ్ళు చెమర్చందే పేజీ కదలదు. గ్రాండిన్ దగ్గర ఆ సరుకు లేదు. రోమియో జూలియట్ చదివితే ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారో తనకి బోధపడనేలేదని ఆలివర్ శాక్స్ అనే డాక్టరుతో చెప్పిందిట. మామూలు మనుషుల మధ్య తను అంగారకగ్రహం మీద దిగిన మానవశాస్త్రవేత్తలా ఉంటానంది. ఆ మాటే ఆయన తన పుస్తకానికి పేరు పెట్టుకున్నాడు. ఇదంతా చూసి హృదయం లేని మనిషనుకుంటే మాత్రం పొరపాటు.

కౌగిలించుకుంటే బిగుసుకుపోయేదని చెప్పాను గదా. దానికి ఆవిడ చెప్పే కారణం, ఆ స్పర్శ కావాలని ప్రాణం కొట్టుకునేది, తీరా దగ్గరికి తీసుకుంటే అల ముంచేసినట్టు ఉక్కిరిబిక్కిరయ్యేది. ఈ ఒక్క వివరం ఎంత బరువైనదో తెలియాలంటే ఆ రోజుల వైద్యం సంగతి తెలియాలి. లియో కానర్ 1943లో ఆటిజాన్ని వర్ణిస్తూ ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్నాడు. ఆ తర్వాత బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో పుస్తకమే రాశాడు. తల్లి ప్రేమించకపోతేనే బిడ్డ ఇలా ముడుచుకుపోతుందన్న మాట ప్రచారమైంది. "రిఫ్రిజిరేటర్ మదర్" అని పేరు కూడా పెట్టారు! రిమ్లాండ్ 1964లోనే, ఇది పుట్టుకతో వచ్చే శారీరకమైన తేడా అని వాదించాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. అయినా ఎన్ని వేలమంది తల్లులు ఆ నింద మోశారో! బిడ్డ పక్కకి తిరిగితే తల్లి పెంపకం అనడానికి ఏ దేశమైనా ఒకటే. "నాకు మా అమ్మ కావాలి, నా ఒళ్ళు ఓర్వలేకపోయింది" అని ఆ బిడ్డే సాక్ష్యం చెప్పినట్టయింది ఈ పుస్తకంతో.

ఇంతా చేసి ఆ తల్లి, యూస్టేషియా కట్లర్, కూతురి పుస్తకంలో నీడలా వచ్చిపోతుంది. పిల్లని సంస్థలో పడేయడానికి ఒప్పుకోలేదు. మాటలు నేర్పించింది. ఒక ఆయాని పెట్టి పిల్లని ఖాళీగా ఉండనీకుండా ఆటల్లో పెట్టించింది. కూతురు ఇవన్నీ జాబితాలా చెప్పి పైకి వెళ్ళిపోతుంది. ఆ ఇంట్లో ఆవిడ పడ్డ నలుగుబాటు ఇందులో వెతక్కండి. 2004లో ఆవిడే "ఎ థార్న్ ఇన్ మై పాకెట్" అని రాసుకుంది. తల్లిదీ కూతురిదీ పక్కపక్కన పెట్టుకు చదవాలి.

ఇక ఆవుల సంగతి. అరిజోనాలో అత్త వరసయ్యే ఆవిడ పశువుల క్షేత్రంలో ఓ యంత్రం చూసింది. మన పశువుల ఆస్పత్రి ముందు ఇనప గొట్టాల బోను ఉంటుందే, ఆవుని నిలబెట్టి సూదిమందు వేసేది, ఇంచుమించు అలాంటిదే. కాకపోతే రెండుపక్కలా పలకలు దగ్గరికొచ్చి ఒంటిని నొక్కి పడతాయి. అందులో బెదిరిన పశువులు కొన్ని నెమ్మదించడం చూసి, తనూ అందులో దూరింది! పద్దెనిమిదేళ్ళ వయసులో అలాంటిదే మెత్తలు వేసి తనకోసం తయారుచేసుకుంది. ఎంత గట్టిగా నొక్కాలో మీట తన చేతిలోనే. కాలేజీలో మనస్తత్వ నిపుణులు అదేదో వికారమని పీకించేయబోయారు. ఆమె మాత్రం, నన్నెవరైనా మెత్తగా పట్టుకున్నాకే పిల్లిని మెత్తగా నిమరడం నాకు తెలిసిందన్న అర్థంలో రాస్తుంది. వాత్సల్యం గురించి నేను చదివిన వందల పేజీల్లో ఇంత సూటి మాట తక్కువ.

1970ల మొదట్లో అరిజోనా పశువుల దొడ్లలో ఆడది అడుగు పెట్టడమే గగనం. ఈవిడ కెమెరా పట్టుకుని పశువులు నడిచే ఇరుకు సందులోకే దిగింది. వేలాడే గొలుసు, నీళ్ళ మీద తళుకు, కంచె మీద తగిలించిన కోటు, అడ్డంగా పడ్డ నీడ, ఇవీ పశువుని బెదరగొట్టేవి. మొద్దు పశువని కర్రలతో, కరెంటుతో పొడిచేవాళ్ళకి తట్టలేదు ఈ సంగతి.

కానీ ఆ సందు ఎక్కడికి పోతుంది? కబేళాకే. మన పాఠకురాళ్ళలో చాలామందికి ఇక్కడ పుస్తకం మూసేయాలనిపిస్తుంది. ప్రేమించే ప్రాణిని చంపే దారి అందంగా కట్టడమేమిటి? ఆవిడ తప్పించుకోదు. తినడం మానరు గనక, చచ్చేలోగా భయపడకుండా చూడాలంటుంది. భయమే తన జీవితంలో ముఖ్యమైన ఉద్వేగమని వేరేచోట రాసింది కనక, ఆ మాట బూటకం కాదని నమ్ముతాను. సమాధానపడ్డానా అంటే, లేదు.

ఇంకో అసంతృప్తి ఉంది. నైపుణ్యం పట్టుకోండి, ఉద్యోగం సంపాదించండి అని పదేపదే అంటుంది. మంచిదే. జన్మంతా మాట రాని, ఏ ఉద్యోగానికీ పనికిరాని బిడ్డ మాటేమిటి? అలాంటివాళ్ళ గురించి ఒకటి రెండు చోట్ల రాసింది గాని, ఆ పేజీల్లో ఆవిడ చూపు ఆవుల మీద ఉన్నంత దగ్గరగా లేదు. ఒకటి మెచ్చుకోవాలి. ఆటిజం ఉన్నవాళ్ళంతా తనలాగే బొమ్మల్లో ఆలోచిస్తారని మొదట రాసి, కాదని తెలిశాక 2006 కూర్పులో దిద్దుకుంది. కొందరికి లెక్కలూ అమరికలూ, కొందరికి మాటలే ఆలోచన అంది.

చివరి అధ్యాయం దేవుడి గురించి. తను కట్టించిన మొదటి కబేళాల్లో ఒకదానిలో పశువులు ఎక్కిపోయే వాలుదారికి ఈవిడో పేరు పెట్టుకుంది. తలుపు అంటే తలుపే అనుకున్న మనిషి పెట్టిన పేరు "స్వర్గానికి మెట్లు". అక్కడ నిలబడి, చావబోయే పశువు మీద చెయ్యి వేసి ఏమనుకుందో రాసింది. ఆ పేజీలు మటుకు రెండుసార్లు చదివాను.