పరుగులో గణితం ఎక్కడుంది? – ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రాథమిక తరగతుల పిల్లలకు ఆటపాటలతో గణితం నేర్పాలని మీరు ఇంతవరకు చదివారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆ పేరుతో జరిగేదంతా గణితాభ్యాసమేనా? ఈ భాగంలో దాన్ని పరిశీలిద్దాం.

ఒక అనుభవం

టీచింగ్ ప్రాక్టీసు పర్యవేక్షణకు ఒకసారి ఒక బడికి వెళ్లాను. మూడో తరగతి. ఛాత్రోపాధ్యాయుడు మైదానంలో సున్నంతో వలయాలు గీసి, వాటిలో సంఖ్యలు రాశాడు. అతను "ఆరు మూళ్లు" అనగానే పిల్లలు పరుగెత్తి 18 ఉన్న వలయంలో నిలబడాలి. తప్పినవారు అవుట్. మైదానమంతా కేరింతలు. ఆ పాఠానికి నేను మంచి మార్కులే వేశాను.

తిరిగి వస్తుంటే ఒక పాప గుర్తొచ్చింది. మొదటి ప్రశ్నకే అవుటై, పీరియడు ముగిసేదాకా వేపచెట్టు కింద కూర్చుంది. ఎక్కాలు రానిది ఆ పాపకు. సాధన దొరికింది వచ్చినవారికి. మిగిలినవారిలోనూ చాలామంది ముందువాడి వెనకే పరుగెత్తారు. కాళ్లు అందరివీ కదిలాయి, లెక్క చేసింది ఒకరిద్దరే. నేను మార్కులు వేసింది కేరింతలకు.

కదలికే లెక్క అయినప్పుడు

ఏ కృత్యాన్నయినా మీరు ఒక ప్రశ్న అడగండి: ఇందులో కదలికను తీసేస్తే గణితం ఏమైనా తగ్గుతుందా? పై ఆటలో తగ్గదు. అదే ప్రశ్నను పలక మీద ఇవ్వవచ్చు.

ఇప్పుడు నేలమీద 0 నుంచి 20 వరకు సంఖ్యారేఖ గీశారనుకోండి. 3+4 చేయాలంటే 3 మీద నిలబడి నాలుగు గెంతులు వేయాలి. కొందరు పిల్లలు తాము నిలబడ్డ 3నే "ఒకటి" అని లెక్కపెట్టి 6 దగ్గర ఆగిపోతారు. నోటుపుస్తకంలో తప్పు జవాబు మాత్రమే కనబడుతుంది. నేలమీద తప్పుకు కారణం కూడా కనబడుతుంది. "ఎన్నిసార్లు గెంతావు?" అని అడిగితే చాలు, తామే సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది. అష్టాచెమ్మా ఆడే పిల్లలకు ఇది తెలిసిన సంగతే: కాయ ఉన్న గడిని వదిలి, తర్వాతి గడి నుంచే లెక్కిస్తారు.

గుణకారమూ అంతే. మూడేసి గడుల చొప్పున నాలుగు గెంతులు, నాలుగేసి గడుల చొప్పున మూడు గెంతులు రెండూ 12కే చేరతాయి, కాని దారులు వేరు. ఆ తేడాను కాళ్లు గుర్తుపడతాయి.

జెరోమ్ బ్రూనర్ చెప్పిన క్రియాత్మక, చిత్రరూప, ప్రతీకాత్మక విధానాలను ఇక్కడ గుర్తుచేసుకోండి. గెంతినదాన్ని బొమ్మగా గీయించి, ఆపై 3+4=7 అని రాయించాలి. మన పాఠాలు చాలావరకు మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. ఇంతలో గంట కొడతారు.

రెండో వైపు

కదలికను కేవలం సాధనకు తోడుగా వాడటం వ్యర్థమనడం కూడా న్యాయం కాదు. నెదర్లాండ్స్‌లో రెండు, మూడు తరగతుల పిల్లలతో రెండేళ్లపాటు జరిపిన ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. జవాబు ఎంతో అన్నిసార్లు గెంతడం వంటి పాఠాలు చేసిన పిల్లలు గణితంలోనూ వర్ణక్రమంలోనూ మిగతావారికంటే ముందున్నారు. పఠనంలో మాత్రం తేడా రాలేదు. ఆ పాఠాల ప్రధానోద్దేశం కొత్త భావనలు చెప్పడం కాదు, నేర్చుకున్నదాన్ని పదేపదే సాధన చేయించడం. సాధనకు ఆ పద్ధతి తగినదే, భావన ఏర్పడటానికి అది చాలదు. తప్పు చెప్పినవారితో గుంజీలు తీయించి దాన్ని వ్యాయామమనడం మాత్రం ఎక్కడా తగదు.

కాబట్టి పాఠ్యపథకం రాసేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి: కదలికలో లెక్క ఉందా? ప్రతి పిల్లా ప్రతి లెక్కా చేస్తోందా? పరుగెత్తలేని పిల్లకు చోటుందా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పైన చెప్పిన వలయాల ఆటను, ఎవరూ అవుట్ కాకుండా, వేపచెట్టు కింది పాపకు అందరికంటే ఎక్కువ సాధన దొరికేలా మార్చి రాయండి.