కొండ దిగివచ్చిన తాడు

కొల్లేటి పక్కన మా మండవల్లి వైపు ఎత్తు అంటే వేళ్ళ మీద లెక్కపెట్టేది. మూడో కాంటూరా, ఐదో కాంటూరా అన్నదాని మీదే చెరువులు, చేలు, వ్యాజ్యాలు, ఎన్నికల హామీలు అన్నీ నడుస్తాయి. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీతకు లోపలున్న 308 చదరపు కిలోమీటర్లు 1999లో కొల్లేరు అభయారణ్యమయ్యాయి. రోడ్డు గట్టు, రైలు కట్ట తప్ప ఎక్కడానికి ఇంకేమీ లేని నేల ఇది. ఇక్కడ కూర్చుని పర్వతారోహణ బడుల గురించి రాయడమేమిటని అడిగేవాళ్ళుంటారు. కొండ పక్కన పుట్టినవాడికి ఆ విద్య సగం ఇంట్లోనే అబ్బుతుంది. ప్రభుత్వం బడి పెట్టి మరీ నేర్పాల్సింది మనలాంటివాళ్ళకే.

ఆ బడుల కథ 1953 మే 29న ఎవరెస్టు మీద మొదలైంది. ఆ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన టెన్జింగ్, హిల్లరీ దిగివచ్చాక దేశమంతా పండగ చేసుకుంది. ఆ ఉత్సాహం చప్పున చల్లారకుండా దాన్నొక సంస్థగా నిలబెట్టాలని నెహ్రూ, అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ అనుకున్నారు. 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. క్షేత్ర శిక్షణకు టెన్జింగే మొదటి డైరెక్టరు. అంతటి మనిషిని కూడా పాఠం చెప్పే ముందు పాఠం నేర్చుకోవడానికి స్విట్జర్లాండు పంపారు. ఆర్నాల్డ్ గ్లాట్‌హార్డ్ అనే గురువు దగ్గర ఆయనా, మరికొందరు షెర్పాలూ బోధన పద్ధతి నేర్చుకుని వచ్చారు. ఎక్కడం రావడం వేరు, ఎక్కించడం రావడం వేరు అని మొదట్లోనే గుర్తించారన్నమాట. తర్వాత 1961లో మనాలీలో, 1965లో ఉత్తరకాశీలో ఇలాంటి సంస్థలే వచ్చాయి. మంచు మీద జారే ఆట కోసం 1968లో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ వచ్చింది. మనాలీది హిమాచల్ ప్రభుత్వానిది, గుల్మార్గ్‌ది కేంద్ర పర్యాటక శాఖది. డార్జిలింగ్, ఉత్తరకాశీ బడులను రక్షణ శాఖ, ఆయా రాష్ట్రాలు కలిసి నడుపుతాయి. ప్రిన్సిపాల్ సైనిక దళాల నుంచి వస్తాడు కాబట్టి పొద్దున్నే పరుగు తప్పదు.

బేసిక్ కోర్సు సుమారు నాలుగు వారాలు. వచ్చినవాళ్ళను చిన్న జట్లుగా విడదీస్తారు. ఆ జట్టును అక్కడ ‘రోప్’ అనే అంటారు. ఒక్కో రోప్‌కు ఒక శిక్షకుడు. తిండి, డేరా, మోత, తిట్లు అన్నీ రోప్ లెక్కనే. డార్జిలింగ్‌లో అయితే మొదట టెన్జింగ్ రాక్, గోంబు రాక్ అనే రెండు బండల మీద పాఠం. తర్వాత సిక్కింలో యుక్సోం నుంచి వీపున బరువు వేసుకుని నడక. చివరికి 14,600 అడుగుల దగ్గర చౌరీఖాంగ్ శిబిరం, ఆ పక్కనే రాథోంగ్ హిమానీనదం.

బండ మీద మొదటి పాఠం చేతి బలం గురించి ఉంటుందనుకుంటాం. మొదట నేర్పేది ముడి వెయ్యడం. ఎనిమిది అంకె ఆకారంలో ఒక ముడి వేసి, తాడు కొసను నడుముకున్న హార్నెస్ లోంచి తీసి, వచ్చిన దారినే వెనక్కి నడిపించాలి. పూర్తయ్యాక పోగులు జంటలు జంటలుగా, ఎక్కడా మెలిక పడకుండా కనబడాలి. చివర కనీసం బెత్తెడు తాడు మిగలాలి. ఆ ముడిని జతగాడు చేత్తో పట్టి చూసి సరేనన్న తర్వాతే కాలు బండ మీద పెట్టాలి. ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ రాతిని అంటిపెట్టుకుని ఉండాలి, కదిలేది ఒక్కటే. కొత్తవాళ్ళు చేతులతో లాగుకుని పైకి పోదామని చూసి పావుగంటలో డీలా పడతారు. బరువు మొయ్యాల్సింది కాళ్ళు. చేతులు తూకం నిలబెట్టడానికే.

కింద తాడు పట్టుకునేవాడి పని ఇంకా పెద్దది. దాన్ని బిలే అంటారు. పైవాడు జారితే ఆపేది ఇతనే. తాడును బిగించే చెయ్యి క్షణం కూడా వదలకూడదు, దోమ కుట్టినా సరే. దిగడం మరో విద్య. అంచు మీద నిలబడి వీపును శూన్యంలోకి వాల్చి, కాళ్ళు బండకు నిటారుగా తన్నిపెట్టి దిగాలి. భయపడ్డవాడు బండను కౌగిలించుకుంటాడు. అప్పుడే పాదం పట్టు తప్పుతుంది. ఇది మాటలతో ఎన్నిసార్లు చెప్పినా వినే చెవి ఉండదు. ఒకసారి మోకాలు గీరుకుపోతే మాత్రం జన్మలో మరిచిపోరు.

మంచు మీదకు వెళ్ళాక పాఠాల వరస మారుతుంది. ముందు పడడం నేర్పుతారు. వాలు మీద శిష్యుణ్ణి కావాలనే జారమంటారు. ఒకసారి కూర్చుని, ఒకసారి బోర్లా, ఒకసారి తల కిందుగా. జారుతూనే మంచుగొడ్డలి తలను భుజం దగ్గరకు లాక్కుని, దాని ముక్కును మంచులో దింపి, ఛాతీ బరువంతా దాని మీద వెయ్యాలి. బూట్లకు ఇనప ముళ్ళ క్రాంపాన్లుంటే కాళ్ళు పైకెత్తి ఉంచాలి. లేకపోతే ముల్లు మంచులో తగులుకుని మనిషి పల్టీ కొడతాడు. చెయ్యి ఆలోచించకుండా ఆ పని చేసేదాకా పొద్దల్లా అదే జారుడు.

హిమానీనదంలో పగుళ్ళుంటాయి. పైన మంచు పొర కప్పి ఉంటుంది కాబట్టి కనబడవు. అందుకే ఒకే తాడుకు ముగ్గురు నలుగురు కట్టుకుని, మధ్యలో తాడు వదులు కాకుండా నడుస్తారు. ఒకడు లోపలికి పడితే మిగతావాళ్ళు గొడ్డళ్ళు దింపి ఆపుతారు. పడ్డవాడు పైకి రావడానికి వాడే ముడి పేరు ప్రుసిక్. 1931లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రుసిక్ ప్రచారంలోకి తెచ్చాడు. సన్నటి తాడు ఉచ్చును పెద్ద తాడు చుట్టూ రెండు మూడుసార్లు తిప్పితే, బరువు పడనంతసేపూ అది పైకీ కిందికీ సులువుగా జరుగుతుంది. బరువు పడిందో, కరుచుకుపోతుంది. నడుముకొకటి, కాలికొకటి కట్టుకుని, దీన్ని జరిపి దాని మీద నిలబడి, దాన్ని జరిపి దీని మీద వేలాడి, మనిషి తనను తానే పగుల్లోంచి పైకి తెచ్చుకుంటాడు.

మన తాటిచెట్టు ఎక్కే మనిషికి ఈ సూత్రం కొత్తేమీ కాదు. మోకు నడుం వెనక నుంచి చెట్టు చుట్టూ తిరిగి ఉంటుంది. వెనక్కి వాలితే బిగుస్తుంది, ముందుకు ఒరిగితే వదులవుతుంది, ఆ వదులైన క్షణంలోనే మోకును పైకి ఎగరేస్తాడు. లోపమల్లా రెండో తాడు లేకపోవడం. మోకు జారితే, తెగితే, మట్టల దగ్గర సర్దుకునే వేళ పట్టు తప్పితే, ఆపడానికి ఇంకేమీ ఉండదు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఇళ్ళు అలా దిక్కులేనివయ్యాయో మనకు తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ’ పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తాడు, స్లింగులు, క్లిప్పులు, కాళ్ళకు లూపులు. పర్వతారోహకుడి సంచిలో ఉండే సామానే అది. హిమాలయం కోసం పుట్టిన పనితనం తాటితోపుకు చేరడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందన్నదే నన్ను బాధించే ప్రశ్న.

గుల్మార్గ్ సంగతి కొంచెం చెప్పాలి. 1948లోనే సైన్యం అక్కడ స్కీ బడి పెట్టింది. అదే తర్వాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలయింది. మామూలు జనానికి నేర్పడానికి ఇరవై ఏళ్ళ తర్వాత పర్యాటక శాఖ బడి వచ్చింది. సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చికబయలు అది. చలికాలంలో మంచు కప్పుకుంటుంది. అక్కడా మొదటిరోజు వాలు ఎక్కనివ్వరు. పొడవాటి స్కీలతో చదునులో నడవడం, పక్కకు తుంటి మీద పడడం, లేవడం. ఆ తర్వాత ముందు కొసలు దగ్గరకు, వెనక కొసలు దూరంగా పెట్టి, లోపలి అంచులతో మంచును గీరుతూ వేగం తగ్గించడం. కుడికాలి మీద బరువు వేస్తే మనిషి ఎడమకు తిరుగుతాడు, ఎడమకాలి మీద వేస్తే కుడికి. భయం వేసినప్పుడు ఒళ్ళు వెనక్కి వాలుతుంది. కానీ స్కీలు మాట వినాలంటే మోకాళ్ళు వంచి ముందుకు వంగాలి. భయం చెప్పినట్టు ఒళ్ళు వినకూడదన్న బండ మీది పాఠమే మళ్ళీ ఇక్కడ.

తెలుగువాళ్ళకు ఈ విద్యతో సంబంధం నిన్నమొన్నటిది కాదు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కర్ రావు 1985లో సైన్యం ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయాడు. అదే పాఠశాల నుంచి వచ్చిన నెల్లూరు జిల్లా మనిషి మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కబోయి తిరిగి రాలేదు.

అయితే బడి అన్న మాటకు అసలైన రుజువు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన కుటుంబం పిల్ల, ఇంకొకరు ఖమ్మం జిల్లా పిల్లవాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఆ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ ఆలోచన చేస్తే, శేఖర్ బాబు బాచినేపల్లి శిక్షణ ఇచ్చాడు. భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద మొదలుపెట్టి డార్జిలింగ్, అక్కడి నుంచి లదాఖ్ చలి. ఒక్కో మెట్టులో కొందరు ఆగిపోతూ చివరికి ఇద్దరు మిగిలారు. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడ్డప్పుడు పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. రాష్ట్రం రెండు ముక్కలవడానికి అప్పటికి ఎనిమిది రోజులే ఉంది కాబట్టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన ఆఖరి గొప్ప వార్తల్లో అదొకటి. అంత చిన్నపిల్లను అంత ఎత్తుకు పంపొచ్చా అని అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ పిల్లను చూసి ఎన్ని గురుకులాల్లో పిల్లలు తలెత్తారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022లో అలాస్కాలోని డెనాలీతో ఏడు శిఖరాలూ పూర్తి చేసింది.

ఈ విద్యలో ప్రమాదం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర ఉత్తరకాశీ బడి అడ్వాన్స్ కోర్సు జట్టు మీద మంచు విరిగిపడింది. 27 మంది మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ తెలియలేదు. వాళ్ళలో శిక్షకులూ ఉన్నారు. ముడి తెలిసినా, గొడ్డలి పట్టు తెలిసినా కొండ ఒక్కోసారి ఏమీ అడగదు. అందుకే ఈ బడులు నేర్పేవాటిలో వెనక్కి తిరగడం ఒకటి. తలనొప్పి, వాంతి మొదలైతే పై ఎత్తు గాలి ఒంటికి పడలేదని అర్థం. ఇక ఎక్కకూడదు. తగ్గకపోయినా, ముదిరినా, తూలడం మొదలైనా వెంటనే కిందికి దిగడమే అసలు మందు. పగలు ఎక్కువ ఎత్తుకు పోయి, రాత్రి తక్కువ ఎత్తుకు వచ్చి పడుకోవడం మరో నియమం.

2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరద తర్వాత యాత్రికులను కాపాడడంలో ఉత్తరకాశీ బడి ముందుంది. అప్పటి ప్రిన్సిపాల్ కర్నల్ అజయ్ కోఠియాల్ నాయకత్వంలో ఆ తర్వాత కేదార్‌నాథ్ పునర్నిర్మాణం కూడా చేసింది. శిఖరాల లెక్క కన్నా ఆ బడికి అదే గొప్ప పేరని నేననుకుంటాను. వెతికి కాపాడడం అక్కడ ప్రత్యేకమైన కోర్సు.

మనకు కొండచరియలు లేవు గానీ వరద ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీళ్ళు కొల్లేటికి చేరాక మన లంక గ్రామాలకు రోడ్లు మునిగి పడవలే దిక్కయ్యాయి. తాటిదోనె మీద నిలబడి గడ వేసే నేర్పు మన కుర్రాళ్ళకు పుట్టుకతోనే ఉంది. తాడు విసరడం, ప్రవాహానికి అడ్డంగా తాడు కట్టడం, మునిగేవాణ్ణి తాను మునగకుండా ఒడ్డుకు తేవడం మాత్రం ఎవరూ పద్ధతిగా నేర్పలేదు. నేర్పేవాళ్ళు దూరాన లేరు. జాతీయ విపత్తు దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ నీటి ఆటల బడి నడుపుతోంది. ఏటా వేసవిలో కైకలూరులోనో, ఆటపాకలోనో రెండు వారాల శిక్షణ పెట్టడానికి కావలసింది ఒక కలెక్టరు సంతకం, కొన్ని తాళ్ళు, కొన్ని లైఫ్ జాకెట్లు. ఎమ్మెల్యేలను, సర్పంచులను దీన్ని అడగండి. కల్యాణ మండపం కన్నా ఖర్చు తక్కువ.

కొండ ఎక్కాలనే కోరిక ఉన్న పిల్లలకు వేరుగా ఒక మాట. బేసిక్ కోర్సుకు ముందు అనుభవం అడగరు. వయసు, డాక్టరు సర్టిఫికెట్, నెలరోజుల తీరిక ఉంటే చాలు. సీట్లు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి దరఖాస్తు ఇప్పుడే పెట్టుకోవాలి. కోర్సులో ‘ఎ’ గ్రేడు తెచ్చుకున్నవాళ్ళకే అడ్వాన్స్ కోర్సులో చోటు.